తార్‌బహార్ నుండి విశాఖపట్నం దాకా: ఒక రైల్వే పట్టణ కతోలిక విచారణ వెనుక ఉన్న చరిత్ర

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ ఈనాడు ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. ఈ జోన్ 2003లో ఏర్పడినప్పటికీ, పట్టణం రైల్వే పట్టణంగా మారి అప్పటికే శతాబ్దం దాటింది. స్టేషన్ పరిసరాల్లోని పేటల్లో తార్‌బహార్ ఒకటి. హిందీలో తార్ అంటే తీగ, బాహర్ అంటే వెలుపల. రైల్వే కాలనీ ఉన్న ఊళ్ళలో బతికినవారికి ఈ రెండు మాటలు కలిసి చెప్పే సంగతి విడమర్చనక్కరలేదు. కంచెకు లోపల ఉద్యోగుల క్వార్టర్లు, వెలుపల వారిని నమ్ముకొని పెరిగిన బజారు, అద్దె ఇండ్లు, గుడులు, మసీదులు, చర్చీలు.

ఇటువంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కొన్ని కతోలిక క్రైస్తవ కుటుంబాలు. తమ పూర్వులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రైలు పనికై వచ్చారని వారు చెప్పుకొంటారు. అయితే వారిలో చాలామందికి తెలియని విషయం ఒకటి ఉన్నది. వారు రైలెక్కి రావడానికి అర్ధ శతాబ్దం ముందే కతోలిక సంఘ పరిపాలనలో విశాఖపట్నమూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతమూ ఒకే పటంలో ఉండేవి. ఈ నేలకు గురువులను పంపవలసిన బాధ్యత విశాఖపట్నానిదే. ఆ పటం ఎట్లా ఏర్పడింది, ఎట్లా విడిపోయింది, దాని ఆనవాళ్ళు నేడు ఎక్కడ మిగిలి ఉన్నాయి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

విచారణ అంటే ఏమిటి?

తెలుగు కతోలికులు ఒక గురువు సంరక్షణలో ఉండే స్థానిక సంఘాన్ని విచారణ అంటారు. దాని బాధ్యుడు విచారణ గురువు. అనేక విచారణలు కలిస్తే మేత్రాసనం; దాని అధిపతి మేత్రాణులు, అనగా బిషప్. అయితే ఏ ఊరిలోనైనా విచారణ ఒక్కసారిగా ఏర్పడదు. మొదట ఏడాదికి ఒకటి రెండుసార్లు గురువు వచ్చి ఏదో ఒక ఇంట దివ్యబలిపూజ జరిపి వెళ్తాడు. గురువు లేని కాలంలో ప్రార్థన నడిపించేది ఉపదేశి. కుటుంబాలు పెరిగాక ఒక చిన్న ప్రార్థనాలయం, దాని పక్కన బడి, ఊరి వెలుపల సమాధుల తోట వస్తాయి. గురువు అక్కడే నివసించడం మొదలై, జ్ఞానస్నానాల పుస్తకం ఆ ఊరి పేరిట తెరచిన నాడు విచారణ పుట్టినట్లు లెక్క. కట్టడం తరువాతి మాట. అందువలన దేవాలయం మీది శంకుస్థాపన రాయిని మాత్రమే చూసి ఒక సంఘం వయస్సును నిర్ణయించడం చాలాసార్లు తప్పుదోవ పట్టిస్తుంది.

సవోయ్ కొండల నుండి తెలుగు తీరానికి

పంతొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో ఉత్తర కోస్తా మద్రాసు వికారియేట్ పరిధిలో ఉండేది. మద్రాసు నుండి విశాఖపట్నం, గంజాం దాకా, అక్కడి నుండి లోపలి నాగ్‌పూర్ రాజ్యం దాకా చేరి సంఘాన్ని చూసుకోగల గురువులు లేరు. ఈ కొరతను తీర్చే బాధ్యతను రోము 1845లో ఒక చిన్న సభకు అప్పగించింది. అదే పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీల సభ. ఆల్ప్స్ పర్వతాల నడుమ ఉన్న సవోయ్ ప్రాంతంలోని అన్సీ పట్టణంలో పీటర్ మరీ మెర్మియే అనే గురువు 1838లో ఈ సభను స్థాపించారు. సవోయ్ అప్పటికి ఫ్రాన్సులో భాగం కాదు, సార్డీనియా రాజ్యంలోనిది. 1860లో మాత్రమే అది ఫ్రాన్సులో కలిసింది. సభ పేరులోని ఫ్రాన్సిస్ డి సేల్స్‌ను 1923లో పదకొండవ పియుస్ పోపు పాత్రికేయుల పాలక పునీతునిగా ప్రకటించారన్నది వార్తా శ్రోతలకు ఆసక్తి కలిగించే సంగతి.

స్థాపించి ఏడేండ్లు కూడా నిండని ఆ సభ తన తొలి విదేశీ బృందాన్ని తెలుగు తీరానికి పంపింది. బృంద నాయకుడు ఫాదర్ జాక్ మార్టెన్. సూయెజ్ కాలువ తెరుచుకోవడానికి ఇంకా ఇరవై నాలుగేండ్లున్నాయి. వారు 1845లో పుదుచ్చేరి చేరి, మరుసటి ఏడాది ఉత్తర కోస్తాలో పని ప్రారంభించారు. అప్పటి ఫ్రెంచి స్థావరమైన యానాం వారికి ఒక ముఖ్య ఆశ్రయమయింది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం సెయింట్ ఆన్స్ దేవాలయం ఈ కాలానికి చెందినదే. 1847లో విశాఖపట్నంలో నెలకొన్న సెయింట్ అలోషియస్ పాఠశాల ఆ తొలి యత్నాల్లో ఒకటి. 1849లో అన్సీ నుండే సెయింట్ జోసఫ్ సభ మఠకన్యలు యానాం చేరి బాలికల విద్యకు, రోగుల సేవకు పూనుకొన్నారు.

1850లో విశాఖపట్నం ప్రత్యేక వికారియేట్ అయింది. తొలి అధిపతి తియోఫిల్ నేరే. 1862లో ఆయన మరణించాక జాన్ మరీ తిస్సో ఆ బాధ్యత స్వీకరించారు. వారి ఏలుబడిలోని ప్రాంతాన్ని నేటి పటంలో గుర్తిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ, మధ్యప్రదేశ్‌లోని కొంత భాగం దానిలోనివి. రైలు లేదు, చక్కని బాట లేదు. ఉన్నది ఉప్పు బాట. తీరంలో పండిన ఉప్పును బంజారాలు ఎద్దుల మీద వేసుకొని సాలూరు, జయపురం కొండల మీదుగా రాయ్‌పూర్ వైపు తరలించి, తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చేవారు. విశాఖపట్నం గురువులకు తమ మిషన్ లోపలి భాగంతో ఉన్న సంబంధం ఇటువంటి బాటలదే. ఆ దూరాల్లో మలేరియా, అతిసారం వంటి జబ్బులకు యువ గురువులు బలి కావడం అరుదైన విషయం కాదు.

కాంప్టీలో తెలుగు, తమిళ సిపాయిలు

లోపలి ప్రాంతంలో తొలి స్థిర కేంద్రం బిలాస్‌పూర్ కాదు, నాగ్‌పూర్ సమీపంలోని కాంప్టీ దండు. దీనికి కారణం మతం కన్న సైన్యం. 1821లో వెలసిన ఆ దండులో మద్రాసు సైన్యానికి చెందిన దళాలు ఉండేవి. వాటి వెంట తెలుగు, తమిళ సిపాయిలు, వంటవారు, చాకలివారు, బండ్లవారు నడిచి వచ్చారు. ఐరిష్ సైనికుల్లో అధికులు కతోలికులు. దక్షిణాది క్రైస్తవులూ వారికి తోడయ్యారు. ఈ విధంగా మధ్య భారతంలో తొలినాటి కతోలిక సంఘంలో దక్షిణాది భాషలు మొదటి నుండీ వినిపించాయి. ఆ తరువాత నాగ్‌పూర్‌లో 1870లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పాఠశాల ఏర్పడింది. నాగ్‌పూర్ రాజ్యం 1854లో బ్రిటిష్ పాలనలోకి రావడం, 1861లో మధ్య పరగణాలు ఏర్పడడం ఈ విస్తరణకు దారి సుగమం చేశాయి. బిలాస్‌పూర్ జిల్లా కూడా 1861లో ఏర్పడినదే.

దండులో సంఘానికి ఒక సౌలభ్యం, ఒక బలహీనత ఉన్నాయి. దళం ఉన్నంతకాలం జనం ఉంటారు. దళం కదిలితే సంఘమూ కదిలిపోతుంది. పునాది గట్టిగా ఉన్నా పీటలు ఖాళీ అవుతాయి. రైల్వే పట్టణాల విచారణలకు కూడా ఇదే లక్షణం అబ్బింది. బదిలీలు, పదవీ విరమణలు వాటి జనాభాను ఎప్పటికప్పుడు తిరగరాస్తుంటాయి.

ఛత్తీస్‌గఢ్‌లో ఇతర సంఘాలు

ఛత్తీస్‌గఢ్ గ్రామీణ ప్రాంతంలో ముందుగా కాలూనినవారు ప్రొటెస్టెంట్ మిషనరీలు. 1868లో ఆస్కార్ లోర్ అనే జర్మన్ మిషనరీ బిశ్రామ్‌పూర్‌లో కేంద్రాన్ని స్థాపించారు. 1885లో అమెరికాకు చెందిన డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ సంఘం బిలాస్‌పూర్‌లో పని ప్రారంభించి బడులను, వైద్యశాలను నడిపింది. అదే 1885లో ఛోటా నాగ్‌పూర్‌లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియన్ జెస్విట్ గురువు అడుగుపెట్టారు. ఆదివాసుల భూమి తగాదాల్లో, కోర్టు వ్యవహారాల్లో ఆయన అందించిన సహాయం పెద్ద ఉద్యమంగా మారింది. దాని ప్రభావం తరువాతి కాలంలో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని జశ్‌పూర్ దాకా వ్యాపించింది.

కాబట్టి ఈ రాష్ట్రంలో కతోలిక సంఘానికి మూలధారలు రెండు. ఒకటి తూర్పు నుండి ఉరావ్, ఖడియా ఆదివాసుల ద్వారా వచ్చినది; రెండవది దక్షిణం, పడమరల నుండి దండుల ద్వారా, రైలు పట్టాల ద్వారా వచ్చినది. బిలాస్‌పూర్ వంటి కూడలి ఊళ్ళలో ఈ రెండు ధారలు కలిశాయి.

1887: పటం విడిపోయింది, పట్టాలు కలిశాయి

1886లో భారతదేశమంతటా కతోలిక మేత్రాసనాలను క్రమబద్ధం చేసినప్పుడు విశాఖపట్నం మేత్రాసనమయింది. తిస్సో దాని తొలి మేత్రాణులు. మరుసటి ఏడాదే, 1887లో, విశాఖపట్నం నుండి వేరుచేసి నాగ్‌పూర్ మేత్రాసనాన్ని నెలకొల్పారు. దాని తొలి మేత్రాణులు అలెక్సిస్ రిక్కాజ్. నాలుగు దశాబ్దాల విశాఖ మిషన్ పటం అక్కడితో రెండయింది.

అదే 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడడం చరిత్రలో చిత్రమైన కలయిక. నాగ్‌పూర్ నుండి రాజ్‌నంద్‌గావ్ దాకా అప్పటికే ఉన్న మీటర్ గేజి మార్గాన్ని కంపెనీ తీసుకొని బ్రాడ్ గేజికి మార్చింది. దానిని బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు పొడిగించి, 1891లో ఆసన్‌సోల్‌తో కలిపింది. బిలాస్‌పూర్ నుండి కట్నీ వైపు శాఖ మార్గం చీలడంతో ఊరు జంక్షన్ అయింది.

ఇక తీరం వైపు, 1893-1896 నడుమ విజయవాడ నుండి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ రైల్వే నిర్మాణం సాగింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దీనితో వాల్తేరూ బిలాస్‌పూర్‌ఊ ఒకే కంపెనీ స్టేషన్లయ్యాయి. వాల్తేరులో పనిలో చేరినవాడు చక్రధర్‌పూర్‌కో, ఖరగ్‌పూర్‌కో, బిలాస్‌పూర్‌కో బదిలీ కావచ్చు. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ మార్గం పూర్తి కావడంతో బంజారాల పాత ఉప్పు బాట పక్కనే రైలు నడిచింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమై ఆ మార్గానికి విలువ పెరిగింది. మేత్రాసనాల పటంలో తెగిన సంబంధాన్ని రైల్వే పటం మళ్ళీ ముడివేసిందని చెప్పవచ్చు.

తెలుగువారు ఇట్లా తరలిరావడానికి రైల్వే ఒక్కటే కారణం కాదు. ఉత్తరాంధ్రలోని చిన్న కమతాలు, కరవులు, జమీందారీ శిస్తుల బరువు వారిని కదిలించాయి. బర్మా, అస్సాం, ఖరగ్‌పూర్‌ల వలెనే బిలాస్‌పూర్ కూడా ఆ వలసల పటంలో ఒక చుక్క.

రైల్వే పట్టణ విచారణ స్వరూపం

రైల్వే పట్టణంలోని కతోలిక సంఘం పల్లెటూరి విచారణ వంటిది కాదు. పల్లెలో అందరిదీ ఒకే భాష, తరచు ఒకే కులం. రైల్వే పట్టణంలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు, గోవా నుండి వచ్చిన గుమాస్తాలు, సంగీత విద్వాంసులు, తమిళ, తెలుగు ఫిట్టర్లు, గ్యాంగ్‌మెన్, తరువాత కేరళ నర్సులు, ఉపాధ్యాయులు, జశ్‌పూర్ ప్రాంతపు ఆదివాసులు ఒకే కప్పు క్రింద చేరారు. కంచె లోపలి ఉద్యోగపు హోదా గుడిలోనికీ కొంత ప్రవేశించేది. ముందు పీటల్లో ఎవరు, వెనుక చాపల మీద ఎవరు అన్నది ఆ నాటి భారతీయ క్రైస్తవ సంఘాలన్నిటిలో ఉన్న ప్రశ్నే.

1947 తరువాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండు, ఆస్ట్రేలియా తదితర దేశాలకు వెళ్ళిపోయాయి. వారు ఖాళీ చేసిన పీటలు భారతీయ భాషలవారివయ్యాయి. సంఘ పరిపాలన కూడా మారింది. జర్మనీ నుండి పల్లొటీన్ సభ గురువులు 1951లో భారతదేశానికి వచ్చి మధ్య భారతంలో పని చేపట్టారు. 1964లో రాయ్‌పూర్ కేంద్రంగా ప్రత్యేక ప్రిఫెక్చర్ ఏర్పడినప్పుడు దాని బాధ్యత వారికే దక్కింది. రాయ్‌పూర్ 1973లో మేత్రాసనం, 2004లో అగ్రమేత్రాసనం అయింది. విశాఖపట్నం 2001లోనే అగ్రమేత్రాసన హోదా పొందింది. ఒకనాటి ఒకే మిషన్‌లోని రెండు ప్రాంతాలు ఈ విధంగా సమాన హోదా గల రెండు కేంద్రాలుగా ఎదిగాయి.

పూజా భాష ఎవరిది?

1960ల వరకు కతోలిక పూజ లాటిను భాషలో జరిగేది. అది ఎవరికీ మాతృభాష కాదు గనుక ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. తెలుగు ఫిట్టరుకూ గోవా గుమాస్తాకూ ఆ మంత్రాలు ఒకే దూరంలో ఉండేవి. ఇంటి ప్రార్థనలు, జపమాల, పాటలు మాత్రం ఎవరి భాషలో వారివి. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో పూజావిధుల్లో ప్రజల భాషలకు చోటు కల్పించింది. ఆంధ్ర పల్లెల్లో దీని అర్థం తెలుగు పూజ. తెలుగువారు అల్పసంఖ్యాకులైన బిలాస్‌పూర్‌లో మాత్రం దాని అర్థం హిందీ పూజ, కొంతమేర ఆంగ్ల పూజ. అందరికీ అర్థమయ్యే భాష వచ్చిన వేళనే తెలుగు తాతమ్మలకు గుడిలోని భాష కొత్తగా పరాయిదయింది. పిల్లలకు హిందీ బడి భాష, ఆట భాష కాబట్టి వారికి ఇబ్బంది కలుగలేదు. ఒకటి రెండు తరాల్లో తెలుగు ప్రార్థన ఇంటికి, ఆపైన మరణశయ్య దగ్గరి జపమాలకు పరిమితం కావడం అనేక వలస కుటుంబాల అనుభవం.

దీనిని నష్టంగా మాత్రమే చూడడం సరికాదు. వేరు వేరు భాషలవారు ఒకే విచారణలో కలిసి మెలగడానికి హిందీ తోడ్పడింది. అయినా కుటుంబ చరిత్రను అమ్మభాషలో చెప్పుకొనే అలవాటు తగ్గిపోయినప్పుడు, ఆ చరిత్రకు సాక్ష్యం వేరే చోట వెదకవలసి వస్తుంది.

విచారణ పుస్తకాల్లో దాగిన దారి

ఆ సాక్ష్యం విచారణ పుస్తకాల్లో ఉన్నది. పదహారో శతాబ్దపు ట్రెంట్ మహాసభ నాటి నుండి కతోలిక విచారణలు జ్ఞానస్నానాలను, వివాహాలను నమోదు చేయడం నియమం. మరణాల పుస్తకం దానికి తోడు. జ్ఞానస్నానపు నమోదులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, గురువు సంతకం ఉంటాయి. 1908లో అమలులోకి వచ్చిన నియమం ఒకటి వలస కుటుంబాలకు మరీ ముఖ్యమైనది. దాని ప్రకారం ఒకరి వివాహం ఎక్కడ జరిగినా, ఆ వార్తను వారు జ్ఞానస్నానం పొందిన విచారణకు పంపాలి. అక్కడి గురువు దానిని పాత నమోదు పక్కన వ్రాయాలి. అంటే బిలాస్‌పూర్‌లో పెళ్ళి చేసుకొన్న ఒక రైల్వే కార్మికుని వివరం ఉత్తరాంధ్రలోని ఏదో ఒక విచారణ పుస్తకపు అంచులో కూడా ఉండవలసినదే. ఒక కొస చేజారినా మరొక కొసను పట్టుకొని వెదకవచ్చు.

వెదకేటప్పుడు ఒక చిక్కు ఉన్నది. పాత నమోదులు తరచు లాటినులో ఉంటాయి. ఇంట్లో రాయప్ప అని పిలిచినవాడు పుస్తకంలో పేత్రూస్, చిన్నప్ప పౌలూస్, ఇన్నయ్య లేక ఇన్నాసి ఇగ్నాసియుస్, జోజప్ప యోసేఫూస్. ఇంటిపేరు ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉన్నా విదేశీ గురువు చెవికి వినిపించినట్లు వ్రాసి ఉంటుంది. కాబట్టి పేరు ఒక్కటే చూడక, తండ్రి పేరు, జ్ఞాన తండ్రి పేరు, ఊరు, తేదీ కలిపి చూడవలసి ఉంటుంది.

ఈ పుస్తకాల విలువ మతానికే పరిమితం కాదు. జనన మరణాల నమోదును దేశమంతటికీ తప్పనిసరి చేసిన చట్టం 1969లో మాత్రమే వచ్చింది. అంతకు ముందు పుట్టిన ఎందరికో జ్ఞానస్నాన పత్రమే వయస్సుకు వ్రాతపూర్వక ఆధారం. పింఛను, వారసత్వం, స్థానికత వంటి విషయాల్లో ఒక పేజీ ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదు. తేమకు, చెదలకు, వెలసిపోయే సిరాకు ఆ పేజీ లొంగిపోతే తిరిగి వ్రాయడానికి మరో మూలం దొరకడం కష్టం.

అందువలన తొలినాటి విచారణల చరిత్ర కాపాడడమంటే గోపురానికి సున్నం వేయించడం మాత్రమే కాదు. పుస్తకాలను పొడి గదిలో, చెక్క పెట్టెలకు బదులు లోహపు అలమారలో ఉంచడం, పేజీలను ఛాయాచిత్రాలుగా భద్రపరచడం, సమాధి రాళ్ళ మీది అక్షరాలను చెరిగిపోక ముందే వ్రాసుకోవడం అంతకన్న ముందు చేయవలసిన పనులు. కుటుంబాలు చేయగలిగినది మరింత సులువు. ఇంట్లో పెద్దవారిని మూడు ప్రశ్నలు అడిగి సమాధానాలు వ్రాసి పెట్టుకోవాలి: తాతగారి ఊరేది, ఆయనకు జ్ఞానస్నానం ఎక్కడ జరిగింది, రైల్వేలో మొదట ఏ స్టేషన్‌లో చేరారు. తార్‌బహార్‌లోని ఒక ఇంటి నుండి బయలుదేరే ఈ మూడు సమాధానాలు, చాలా సందర్భాల్లో, విశాఖ మిషన్ తొలినాటి విచారణల్లో ఏదో ఒకదాని పుస్తకం దాకా దారి చూపగలవు.

ముఖ్య ఘట్టాలు

1838: అన్సీలో ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీల సభ స్థాపన.
1845: విశాఖపట్నం మిషన్ బాధ్యత ఆ సభకు అప్పగింత.
1849: సెయింట్ జోసఫ్ సభ మఠకన్యలు యానాం చేరిక.
1850: విశాఖపట్నం వికారియేట్ ఏర్పాటు.
1886: విశాఖపట్నం మేత్రాసనం.
1887: నాగ్‌పూర్ మేత్రాసనం వేరుపడడం, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పాటు.
1891: బిలాస్‌పూర్ మీదుగా నాగ్‌పూర్-ఆసన్‌సోల్ మార్గం.
1902: వాల్తేరు ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో చేరిక.
1931: విజయనగరం-రాయ్‌పూర్ మార్గం పూర్తి.
1964: రాయ్‌పూర్ ప్రిఫెక్చర్, 1973లో మేత్రాసనం, 2004లో అగ్రమేత్రాసనం.